పేజింగ్ ఫైల్ జోలికి వెళ్ళబోతున్న మేనకోడలికి

బుజ్జీ,

ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెమరీ సెట్టింగ్స్ నువ్వే మార్చేసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో తెగ గొప్పగా చెప్పింది. నాకూ ముచ్చటేసింది. ఆ వెంటనే, పేజింగ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కులో వాడుకునే చోటు) తీసేస్తే స్పీడొస్తుందట, ఎస్‌ఎస్‌డీ కూడా అరగదట, ఎవరో వీడియోలో చెప్పారట అంది చూడు, అక్కడ మొదలైంది నాకు టెన్షన్.

ఆ ఒక్క పనీ చెయ్యకు. ముందు ప్రాజెక్టు ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. చేశావా? అబద్ధం చెప్పకు.

ఎక్స్‌పీ రోజుల్లో నేను పనిచేసిన డీటీపీ సెంటర్‌లో ఒక కుర్రాడుండేవాడు, మంచి పనిమంతుడు, కానీ చెయ్యి ఊరుకోదు. 512 ఎంబీ ర్యామున్న సిస్టమ్‌లో 'నో పేజింగ్ ఫైల్' పెట్టి, చూడండి ఎంత ఫాస్టుగా ఉందో అని అందరికీ చూపించాడు. నిజమే, పేజ్‌మేకర్ ఒక్కటే తెరిస్తే బాగానే ఉండేది. మూఢం వచ్చేలోపు పెళ్ళిళ్ళన్నీ అయిపోవాలని కార్డుల రద్దీ మొదలయ్యాక తెలిసింది అసలు సంగతి. పెళ్ళికూతురి తండ్రి పక్కన స్టూలు మీద కూర్చుని అక్షరం అక్షరం దిద్దిస్తున్నాడు, కోరల్‌డ్రాలో కార్డు, ఇటు ఫోటోషాప్, వెనక పేజ్‌మేకర్, అంతే, కోరల్ ఉన్నట్టుండి మాయం. సేవ్ చెయ్యలేదు. ఇంకోసారి ఏకంగా నీలం స్క్రీనే వచ్చింది. ఎందుకొచ్చిందో చూద్దామంటే, సిస్టమ్ ఆగిపోయినప్పటి వివరాలు దాచే డంప్ ఫైలు కూడా లేదు, అది రాసుకోవడానికి సి డ్రైవ్‌లో పేజింగ్ ఫైల్ ఉండాలి మరి. వైరస్ అన్నారు, ర్యామ్ పోయిందన్నారు, చివరికి ఫార్మాట్ కొట్టారు. ఫార్మాట్‌తో ఆ సెట్టింగ్ మామూలుగా అయిపోయింది కాబట్టి జబ్బు నయమైంది, అందరూ వైరసే అనుకున్నారు! మనవాడు స్పీడు కోసం మళ్ళీ అదే చిట్కా వేసేదాకా ఎవరికీ వెలగలేదు. తెల్లవార్లూ కార్డు మళ్ళీ కూర్చిన వాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ.

సరే, నీ సంగతికొద్దాం. ర్యామూ పేజింగ్ ఫైలూ కలిపితే ఎంతో, విండోస్ ప్రోగ్రాములకి ఇస్తానని మాట ఇవ్వగలిగే మెమరీ సుమారుగా అంతే. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్), నలభై ట్యాబుల క్రోమ్ (నువ్వు మూయవు, నాకు తెలుసు) అన్నీ తెరిచి, టాస్క్ మేనేజర్‌లో పెర్‌ఫార్మెన్స్, మెమరీ నొక్కి 'కమిటెడ్' దగ్గర చూడు. ఎడమ అంకె (ఇప్పటికే మాట ఇచ్చింది) కుడి అంకెని (ఇవ్వగలిగిన హద్దు) తాకబోతుంటే మెమరీ చాలకపోవడమే నీ సమస్య. దూరంగా ఉంటే సెట్టింగ్ మార్చినా లాభం లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్‌లో 2004 నంబరు వార్నింగ్ ఉందేమో కూడా చూడు, ఎక్కువ మింగిన ప్రోగ్రాముల పేర్లుంటాయి అందులో.

చాలామంది చూడనిది సి డ్రైవ్‌లో ఖాళీ. విండోస్‌కే వదిలేస్తే పేజింగ్ ఫైల్ అవసరాన్ని బట్టి పెరుగుతుంది, కానీ చోటుంటేనే కదా. పైగా అది మామూలుగా ఆ డ్రైవ్ సైజులో ఎనిమిదో వంతు దాటదు, సి 100 జీబీ అయితే 12 జీబీ చిల్లరతో సరి. పాత ఎమ్యులేటర్లు ఒక్కోటి జీబీల కొద్దీ తింటాయి, వాడనివి తీసెయ్. సగం గొడవ అక్కడే తీరిపోవచ్చు.

అప్పటికీ చాలకపోతేనే సెట్టింగ్. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో పెర్‌ఫార్మెన్స్, మళ్ళీ అడ్వాన్స్‌డ్, అక్కడ వర్చువల్ మెమరీ. ఆటోమేటిక్ అన్న టిక్ తీసి, సి డ్రైవ్‌కి కస్టమ్ సైజ్ ఇయ్యి, ఎంబీల్లో, 16 జీబీ అంటే 16384. 'సెట్' నొక్కకుండా ఓకే కొడితే ఏమీ మారదు, చాలామంది చేసేది అదే. రీస్టార్ట్ అడిగితే చెయ్యి, కరెంటు పోయేలా ఉంటే ఛార్జర్ చూసుకుని మరీ చెయ్యి.

దీంతో ప్రోగ్రాములు అర్ధాంతరంగా మూసుకుపోవడం తగ్గుతుంది, స్పీడు మాత్రం రాదే పిల్లా. స్పీడు కావాలంటే ర్యామే. ఆ మెమరీ పేజీలోనే 'స్లాట్స్ యూజ్డ్' అని ఉంటుంది, 2లో 1 అని ఉంటే ఫోటో తీసి వాట్సాప్ చెయ్యి, డీడీఆర్ నాలుగో ఐదో చూసి నేను తీసుకొస్తా. మీ నాన్నకి చెప్పకు, డబ్బు దండగ అని క్లాసు పీకుతాడు.

మీ మావయ్య