ఒడుగులకు ముందు బాబును చూసేదెవరు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నంద్యాల దగ్గర పల్లె. మా బాబుకు నాలుగేళ్లు. ఈ వేసవి సెలవుల్లో ఒడుగులు, అంటే సున్తీ, చేయించాలనుకుంటున్నాం. మా ఇంట్లో మగవాళ్లందరికీ పక్కూరి హజామే సున్తీ చేశాడు, ఎవరికీ ఏమీ కాలేదు, ఆస్పత్రి ఎందుకు అంటున్నారు మా అత్తగారు. మా ఆయనకేమో ఆస్పత్రిలో మత్తు ఇస్తారని టెన్షన్. ఇంకొకరు లేజర్‌తో చేయిస్తే నెత్తురే రాదన్నారు. అసలు ఎలా చేస్తారు, ఎవరితో చేయించాలి? ఇంకో మాట, మా తమ్ముడికి చిన్నప్పుడు పన్ను పీకితే రెండు రోజులు రక్తం ఆగలేదు. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉంటుందా?

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన ఆ మాటే ముందు మాట్లాడుకుందాం, మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైంది అదే. హీమోఫీలియా అని ఒక జబ్బుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ ఒకటి తక్కువగా ఉంటుంది. ఇది తల్లి ద్వారా కొడుకులకు వస్తుంది, తల్లికి మాత్రం పైకి ఏమీ కనిపించకపోవచ్చు. అంటే మేనమామకు ఉంటే మేనల్లుడికీ ఉండొచ్చు. మీ తమ్ముడిది అదేనని నేను అనడం లేదు, కానీ అది తేలేదాకా బాబు ఒంటి మీద ఎవరినీ కత్తి పెట్టనివ్వకండి. యూదులు పుట్టిన ఎనిమిదో రోజునే సున్తీ చేస్తారు కదా, ఇద్దరు అన్నలు సున్తీ వల్ల చనిపోతే మూడో బిడ్డకు చేయకూడదని వాళ్ల మతగ్రంథం తాల్ముద్‌లో దాదాపు 1500 ఏళ్ల కిందటే ఉంది, ఆ జబ్బుకు పేరు కూడా లేని రోజుల్లో. ఇప్పుడు మనకు రక్తపరీక్ష ఉంది. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు చేయించండి, మేనమామ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, అవసరమనిపిస్తే ఫ్యాక్టర్ 8, 9 ఎంత ఉన్నాయో కూడా చూస్తారు. ఒకవేళ జబ్బు ఉన్నా సున్తీ చేయలేరని కాదు, ఫ్యాక్టర్ ఎక్కించే ఏర్పాటున్న పెద్దాసుపత్రిలోనే చేయించాలి, అంతే.

చూడాల్సింది ఇంకొకటుంది. కొందరు మగపిల్లలకు మూత్రం వచ్చే రంధ్రం చివర కాకుండా కిందివైపు ఉంటుంది. దీన్ని హైపోస్పేడియాస్ అంటారు, అంత అరుదైనదేమీ కాదు. ఈ పిల్లలకు ముందోలు (అంగం చివరను కప్పే చర్మం) పైన ముసుగులా ఉండి కింద ఉండదు, దాంతో ‘దేవుడే సున్తీ చేసి పంపాడు’ అని సంబరపడే ఇళ్లూ ఉన్నాయి. ఆ రంధ్రాన్ని సరిచేసే ఆపరేషన్‌కు చాలాసార్లు ఆ చర్మమే కావాలి. ముందే కోసి పారేస్తే మళ్లీ ఎక్కణ్ణుంచి తెస్తాం? ఒడుగులు అయిపోయాక అలాంటి బాబును తీసుకొచ్చినప్పుడు ఆ తల్లికి ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ మాట రాదు.

మీ అత్తగారి మాట నేను కొట్టిపారేయను. ఆ హజామ్ చేతిలో పనితనం ఉండే ఉంటుంది, తరాలుగా చేస్తున్నారు. కానీ పైన చెప్పిన రెండూ ఆయన కనిపెట్టలేరు, మత్తు ఇవ్వలేరు, నెత్తురు ఆగకపోతే ఆయన దగ్గర దారి లేదు. ఒకే రోజు నలుగురైదుగురు పిల్లలకు ఒకే కత్తి వాడితే హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ లాంటివి ఒకరి నుంచి ఒకరికి అంటుకోవచ్చు, పుండు మీద బూడిద చల్లితే ధనుర్వాతం భయం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా అంతే, సూది మందు ఉంది కదా అని మోసపోకండి. పిల్లల సర్జన్ గానీ యూరాలజిస్టు గానీ, లేదా పిల్లలకు ఈ ఆపరేషన్ బాగా అలవాటున్న జనరల్ సర్జన్ గానీ చేయాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో పిల్లల సర్జరీ విభాగం ఉంది, మీకు దగ్గరే.

ఎలా చేస్తారంటే, నెలలోపు పసిబిడ్డకైతే ఆ చోటే మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి చేయొచ్చు, ప్లాస్టిక్ రింగు పెడితే అది వారం పది రోజుల్లో దానంతటదే ఊడిపోతుంది. నాలుగేళ్ల బాబు అలా పడుకోడు. నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుని చేస్తే వాడికి ఆ భయం ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకే పూర్తి మత్తు ఇస్తారు. ఆరు గంటల ముందు నుంచి అన్నం, పాలు ఏమీ పెట్టకండి, మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు ఇవ్వొచ్చు. మత్తు డాక్టర్ పక్కనే ఉండి చూసుకుంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి ప్రమాదం చాలా తక్కువ, ఆ మాట మీ ఆయనకు చెప్పండి. అంటుకుని ఉన్న చర్మాన్ని మెల్లగా విడదీసి, లోపలి పొర, పై పొర కొలత చూసి కత్తిరించి, నెత్తురు ఆపి, కరిగిపోయే కుట్లు వేస్తారు. అరగంట పని, మామూలుగా సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తారు.

లేజర్ అంటే మాయ కాదు. కొన్నిచోట్ల ఆ పేరుతో వాడేది కరెంటు కాటరీ, అంటే కరెంటు వేడితో కోసి నెత్తురు ఆపే పరికరం. అందులో కరెంటు రెండు కొనల మధ్యే పారే బైపోలార్ రకం వాడాలి, మోనోపోలార్ అయితే కరెంటు అంగం గుండా పోయి లోపల కాలిపోయే ప్రమాదం ఉంది. ఏది వాడతారని సర్జన్‌ను నేరుగా అడగండి, అడగడం తప్పేమీ కాదు.

ఇంటికొచ్చాక నొప్పికి పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్ వద్దు. వదులు లుంగీ కట్టండి. రెండు మూడు రోజులు వాపు ఉంటుంది, పైన పసుపుపచ్చ పొర కనిపిస్తుంది, అది చీము కాదు, గోకకండి. గుడ్డ తడిసేలా నెత్తురు వచ్చినా, పది పన్నెండు గంటలు మూత్రం పోయకపోయినా, జ్వరం వచ్చినా, చివర నల్లబడినా రాత్రి అని చూడకుండా ఆస్పత్రికి వెళ్లండి. పూలదండ, కొత్తబట్టలు, విందు అన్నీ పుండు మానాక చేసుకోండి, మీ అత్తగారికి ఆ ముచ్చటా తీరుతుంది.

సెలవులు అయిపోతున్నాయని తొందరపడకండి, పరీక్షల ఫలితం వచ్చాకే తేదీ పెట్టుకోండి. రక్తపరీక్షకు బాబును తీసుకెళ్లే రోజు మీ తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్లండి. అతనికి ఇంతవరకు ఎవరూ పరీక్ష చేయించి ఉండకపోతే, బాబుకన్నా ముందు అతనికే చేయించాలి.