చిల్లర డబ్బా ఎవరిది?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. హనుమకొండలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. జీతం 17,000, ఏడో తారీఖున పడుతుంది. నయీంనగర్‌లో రెండు గదుల పోర్షన్ కిరాయికి తీసుకుని ముగ్గురం ఉంటున్నాం. ఒకరు మా పెద్దమ్మ కూతురు, ఇంకొకరు అక్కతో పనిచేసే అమ్మాయి. నెల మొదట్లో తలా 2,500 వేసుకుని పాలు, కూరగాయలు, గ్యాస్, కిరాణం నడుపుతాం. మిగిలిన చిల్లర నేను ఒక పాత బూస్ట్ డబ్బాలో వేస్తాను. నా సొంత చిల్లర కూడా అందులోనే. అక్క వారానికి రెండుసార్లు పొద్దున షిఫ్టుకు ఆటో కోసం అందులోంచి 20 రూపాయలు తీసుకుంటుంది. మొన్న దాని మీద మాటామాటా పెరిగింది. డబ్బా కుమ్మరించి లెక్కపెడితే ఎనిమిది నెలలకు 1,386 రూపాయలున్నాయి. ‘ఈ చిల్లర కోసమా ఇంత టెన్షన్’ అని మూడో అమ్మాయి అంటోంది. నాకైతే ఈ డబ్బా తప్ప వేరే పొదుపు లేదు. చిల్లర దాచడం దండగేనా? ఇప్పుడు వీటిని ఎలా పంచుకోవాలి?

జవాబు: దండగ కాదు. కానీ మీరు దాచే పద్ధతిలో అది పొదుపు కావడం లేదు, పైగా ఇంట్లో మనస్పర్థలు తెస్తోంది. ముందు లెక్క చూద్దాం.

అక్క వారానికి 40 రూపాయలు తీసుకుంటోంది. ఎనిమిది నెలలంటే దాదాపు 35 వారాలు. అంటే 1,400 రూపాయలు. డబ్బాలో ఇప్పుడు ఎంత ఉందో, ఇంచుమించు అంతే ఆటోలకు పోయింది. రెండూ కలిపితే మీ ఇంట్లో నెలకు సుమారు 350 రూపాయల చిల్లర పోగవుతోంది. ముగ్గురి మీద రోజుకు పన్నెండు రూపాయలు కూడా లేదు. అయినా అదే 350 నెలనెలా పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ)లో కడితే, 6.7 శాతం వడ్డీ లెక్కన అయిదేళ్లకు దాదాపు 25,000 చేతికొస్తుంది. మీరు కట్టేది 21,000. డబ్బాలో ఉంచితే ఆ 21,000 అలాగే ఉంటుంది, అదీ ఎవరూ చెయ్యి పెట్టకపోతేనే. ఈలోగా పాల ప్యాకెట్ ధర మాత్రం ఆగదు.

కాబట్టి ‘ఈ చిల్లర కోసమా’ అన్న అమ్మాయి మాట సగమే నిజం. చిల్లర విలువ చిన్నదేం కాదు. అయితే దాని కోసం ఒకే ఇంట్లో ముగ్గురు ముఖాలు తిప్పుకుని తిరగడం మాత్రం నిజంగా నష్టం. రేపు ఎవరో ఒకరు గది ఖాళీ చేసి పోతే కిరాయి మిగతా ఇద్దరి మీద పడుతుంది. ఆ భారం ముందు 1,386 ఎంత?

గొడవకు మూలం అక్క ఆటో కాదని నా అభిప్రాయం. డబ్బాలో రెండు రకాల పైసలు కలిసిపోయాయి. తలా 2,500 వేసిన ఉమ్మడి డబ్బుతో కూరగాయలకు వెళ్తే మిగిలిన పన్నెండు రూపాయలు ముగ్గురివి. మీ సొంత పైసలతో చాయ్ తాగితే మిగిలిన అయిదు మీది. రెండూ ఒకే డబ్బాలో పడ్డాక ఏ బిళ్ళ ఎవరిదో చెప్పే దారి లేదు. ‘అందరిదీ కదా’ అనుకుని అక్క తీసుకుంది, ‘వేసింది నేను కదా’ అని మీరు బాధపడ్డారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మన దగ్గర చిల్లర గురించి నోరు విప్పి అడగడమంటే మొహమాటం. బస్సులో కండక్టర్ టికెట్ వెనక రాసిచ్చిన చిల్లర అడగలేక దిగిపోయినవాళ్లు ఎంతమంది లేరు! అడిగితే ఇంతకు దిగజారామా అనుకుంటారని భయం. ఇంట్లో కూడా అదే జరిగింది. ఎనిమిది నెలలు ఎవరూ మాట్లాడలేదు, చివరికి ఒక్కసారిగా బయటపడింది.

మీ ఊళ్లో పొదుపు సంఘంలో ఉన్న అమ్మలను, అత్తలను గమనించండి. ఉమ్మడి రాష్ట్రంలో 1990లలో రోజుకు రూపాయి దాచడంతో మొదలైన సంఘాలు కూడా నిలబడ్డాయంటే, రాసుకునే పుస్తకం ఉంది, కట్టే తేదీ ఉంది, ఎవరి పేరు మీద ఎంతో అందరికీ తెలుసు. రాయకుండా పెట్టెలోంచి ఎవరూ తీయరు. మీ డబ్బాకు లేనిది ఇదే.

ఇప్పుడున్న 1,386 సంగతి. ఎవరు ఎక్కువ వేశారు, అక్క ఎంత తీసింది అని వెనక్కి తవ్వకండి. తేలదు, తేలినా మనసులు విరుగుతాయి. సమానంగా మూడు భాగాలు చేయండి, తలా 462 వస్తుంది. మీరు ఎక్కువ వేశారని నాకు తెలుసు, ఈ ఒక్కసారికి వదిలేయమని గట్టిగానే చెబుతున్నాను. అక్క మీ పెద్దమ్మ బిడ్డ. ఈ సంగతి పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు పెద్దవాళ్ల ముందు రావడం మీ ఇద్దరికీ మంచిది కాదు.

ఆ తర్వాత నుంచి డబ్బాలో ఉమ్మడి ఖర్చు చిల్లర మాత్రమే వేయండి. మీ సొంత చిల్లరకు వేరే గల్లగురిగి కొనుక్కోండి. ఉమ్మడి డబ్బాను పంచుకునే డబ్బుగా చూడొద్దు, ఇంటి అవసరాలకే వాడండి. మూడు నెలలకోసారి ఒక ఆదివారం కుమ్మరించి లెక్కపెట్టి, వచ్చే గ్యాస్ సిలిండర్‌కో, బియ్యానికో దాన్ని వాడేసి, ఆ నెల తలా వేసే 2,500లో దాంట్లో మూడో వంతు తగ్గించుకోండి. ఎవరైనా మధ్యలో గది ఖాళీ చేస్తే, అడ్వాన్సు లెక్క తేల్చే రోజే డబ్బా లెక్క కూడా తేల్చాలి.

అక్క ఆటో విషయం కూడా దీనితోనే తీరిపోతుంది. పొద్దున్నే చేతిలో చిల్లర లేకే కదా ఆమె తీసుకుంటోంది. తీసుకోనివ్వండి, కానీ బదులుగా 20 నోటు అందులో పెట్టాలి, లేదా మీలో లెక్క చూసే వాళ్లకు అప్పుడే ఫోన్‌పే చేయాలి. ‘అక్కా, చిల్లర ఎప్పుడు కావాలన్నా డబ్బాలోంచి తీసుకో, అంత నోటు అందులో పెట్టు’ అని చెప్పండి, చాలు. ఫోన్‌పే మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఇప్పుడు చిల్లర బిళ్ళల్లో కంటే ఫోన్లలోనే ఎక్కువ పోతుంది. ‘నీకు 37 పంపాలి’, ‘మొన్నటి 60 తర్వాత ఇస్తా’ అన్నవి మూడు నెలలకు వందల్లోకి వెళ్తాయి. నెల మొదట్లో 2,500 వేసేటప్పుడే అవి కూడా తేల్చుకోండి.

బిళ్ళలు లెక్కపెట్టేటప్పుడు కొంచెం చూసుకోండి. బొటనవేలు పైకెత్తిన చెయ్యి ఉంటే రూపాయి, రెండు వేళ్లు చూపిస్తుంటే రెండు రూపాయలు. ఆ పాత రకం బిళ్ళలు ఇంకా చేతులు మారుతున్నాయి, తొందరలో ఒకదానికొకటి అనుకుంటాం. 25 పైసలు 2011 జూన్ 30 నుంచి చెల్లవు, 50 పైసలు ఇప్పటికీ చెల్లుతుంది. పది రూపాయల బిళ్ళ వద్దని మన దగ్గర చాలా దుకాణాల్లో అంటారు, అందుకే డబ్బాల్లో అవే మిగిలిపోతాయి. 14 రకాల పది రూపాయల బిళ్ళలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే స్పష్టంగా చెప్పింది. దుకాణంలో వద్దంటే బ్యాంకులో మీ ఖాతాలో వేసుకోండి. బిళ్ళలు ఇన్నే జమ చేయాలన్న పరిమితిని రిజర్వు బ్యాంకు పెట్టలేదు. రూపాయి, రెండు రూపాయల బిళ్ళలను వందేసి చొప్పున కవర్లలో కట్టి తీసుకెళ్తే కౌంటర్లో పని తొందరగా అవుతుంది. దుకాణంలో మాత్రం ఒకేసారి వెయ్యి రూపాయలకు మించి బిళ్ళలు ఇస్తే వద్దనే హక్కు వాళ్లకు చట్టం ప్రకారం ఉంది. అంత దూరం వెళ్లక్కర్లేదు. మీ వీధి కిరాణం సేటును అడిగి చూడండి, చిల్లర దొరక్క చాక్లెట్లు చేతిలో పెట్టేది ఆయనే కాబట్టి సంతోషంగా తీసుకుంటాడు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది చివరి ముక్క: ‘ఈ డబ్బా తప్ప వేరే పొదుపు లేదు.’ 17,000 జీతంలో కిరాయి, తిండి, ఇంటికి పంపేది పోగా మిగిలేది తక్కువేనని తెలుసు. కానీ ఖర్చులన్నీ అయ్యాక మిగిలిన చిల్లరను పొదుపు అనుకుంటే, రేపు జ్వరమొచ్చి వారం సెలవు పెట్టాల్సి వస్తే ఎవరిని అడుగుతారు? జీతం పడ్డ వెంటనే 500 పక్కకు పెట్టండి. మీ వాటా 462 చేతిలో ఉంది, ఇంకో 38 కలిపితే మొదటి వాయిదా అయిపోయినట్టే. పోస్టాఫీసు ఆర్‌డీ నెలకు 100 నుంచే మొదలవుతుంది. 500 చొప్పున కడితే అయిదేళ్లకు 30,000 కట్టి సుమారు 35,680 తీసుకుంటారు. మధ్యలో అవసరం పడితే, ఏడాది వాయిదాలు కట్టాక అప్పటిదాకా ఉన్నదాంట్లో సగం వరకు లోన్ ఇస్తారు. మూడేళ్ల తర్వాత మూసేయొచ్చు కూడా, కాకపోతే సేవింగ్స్ వడ్డీయే వస్తుంది. ఒక నెల తప్పితే వందకు రూపాయి చొప్పున జరిమానా. నాలుగు నెలలు తప్పితే ఖాతా ఆగిపోతుంది. అందుకే 500 బరువనిపిస్తే 300తో మొదలుపెట్టండి, మానకుండా కట్టగలిగేదే పెట్టుకోండి. జీతం ఏడున పడుతుందన్నారు కాబట్టి ఖాతా నెలలో 15వ తేదీలోపు తెరవండి. అలా తెరిస్తే ప్రతి నెలా 15లోపు కట్టాలి, జీతం చేతిలో ఉన్నప్పుడే ఆ పని అయిపోతుంది.