చిట్టెలుక అని రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

మన శరీరంలోనూ, మాంసం, చేపల్లోనూ ఉండే టారిన్ అనే అమైనో ఆమ్లంపై నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం హాయిగా నడిచింది, కానీ మూడో పేరాకు వచ్చేసరికి ప్రయోగంలోని చిట్టెలుక మాయమై, దాని స్థానంలో ‘మనం’ వచ్చి కూర్చుంది. టారిన్ తీసుకుంటే ఎముకలు గట్టిపడతాయని రాశావు. ఎవరి ఎముకలు?

2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఆ పరిశోధనలో, 14 నెలల వయసున్న, అంటే నడివయసుకు చేరిన చిట్టెలుకలకు, అవి బతికినంత కాలం రోజుకొకసారి కిలో బరువుకు 1000 మిల్లీగ్రాముల చొప్పున టారిన్ నోటి ద్వారా ఇచ్చారు. పోల్చి చూడడానికి పెట్టుకున్న రెండో గుంపుకు టారిన్ లేని ద్రావణం పోశారు. మధ్యస్థ ఆయుర్దాయం, అంటే గుంపులో సగం చనిపోయేసరికి గడిచిన కాలం, మగవాటిలో 10 శాతం, ఆడవాటిలో 12 శాతం పెరిగింది. ఎముక, కండరం మెరుగుపడ్డాయి. నువ్వు రెండో గుంపు ఊసే ఎత్తలేదు. అది లేకపోతే ఆ 10 శాతం దేనికన్నా ఎక్కువో పాఠకుడికి తెలిసే దారి లేదు.

ఇక మోతాదు. నీ లెక్కలో 60 కిలోల మనిషికి రోజుకు 60 గ్రాములు వచ్చింది. ప్రాణి చిన్నదైనకొద్దీ బరువుతో పోలిస్తే శరీర ఉపరితలమూ, జీవక్రియ వేగమూ ఎక్కువగా ఉంటాయి కనుక, చిట్టెలుక మోతాదును మనిషికి మార్చేటప్పుడు 12.3తో భాగించడం పరిశోధకుల పద్ధతి. అలా చూస్తే కిలోకు 81 మిల్లీగ్రాములు, మొత్తం మీద ఐదు గ్రాముల లోపు. అదీ పరీక్షలకు పనికొచ్చే అంచనాయే గాని, మింగమని చెప్పే సలహా కాదు. ప్రయోగశాలలోని పెద్ద ఎలుకకైతే భాగించే అంకె 6.2. తెలుగులో రెండింటినీ ‘ఎలుక’ అనేసి ఊరుకుంటాం. ఆ అలవాటు ఇక్కడ మోతాదును రెట్టింపు చేస్తుంది. అందుకే చిట్టెలుక అని విడదీసి రాయి.

ఈ విషయంలో నేనూ తప్పు చేసినవాణ్నే. 2006లో, ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్ కొవ్వు మేత తిన్న చిట్టెలుకల ఆయుష్షు పెంచిందని వచ్చినప్పుడు, ‘కొవ్వు మేత తిన్న’ అన్న మాటలు వాక్యానికి బరువనిపించి తీసేశాను. వారం తిరక్కుండా మా వీధిలో విశ్రాంత ఉపాధ్యాయుడొకరు ఆ మాత్రలు ఏ కొట్లో దొరుకుతాయని అడిగారు. తరువాత అమెరికాలో మూడు కేంద్రాల్లో ఒకే పద్ధతిన, మామూలు మేత పెట్టి చేసిన పరీక్షల్లో చిట్టెలుకల ఆయుష్షు పెరగలేదు. ఆ సంగతి నేను రాసేసరికి ఆయన చాలా డబ్బాలు ఖాళీ చేశారు.

నీ ముగింపు పేరా పూర్తిగా మార్చాలి. వయసుతో రక్తంలో తగ్గిపోయే టారిన్‌ను భర్తీ చేస్తున్నామన్నావు. అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థ పరిశోధకులు 2025లో అదే పత్రికలో, మనుషుల్లో, కోతుల్లో, చిట్టెలుకల్లో ఆ స్థాయి వయసుతో చాలావరకు పెరగడమో, నిలకడగా ఉండడమో జరుగుతోందని చూపించారు. చిట్టెలుకలు ఎక్కువ కాలం బతికాయన్న ఫలితాన్ని ఇది కొట్టెయ్యదు. నువ్వు చెప్పిన కారణాన్ని మాత్రం నిలవనివ్వదు. రెండింటినీ పక్కపక్కనే పెట్టి రాసి పంపు. శీర్షిక అప్పుడు చూద్దాం.