నాయనమ్మ పేరు లేని పిటిషన్‌పై ప్రమాణం చేయకండి

ప్రశ్న: మా నాన్నగారు వీలునామా రాయకుండానే నిరుడు చనిపోయారు. ఆయన స్వార్జితమైన ఇల్లు, కొన్ని షేర్లు, బ్యాంకులో డబ్బు ఉన్నాయి. కొంత అప్పు కూడా ఉంది. వారసులం అమ్మ, అక్క, నేను, తమ్ముడు. నాయనమ్మ మా దగ్గరే ఉంటున్నారు. లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (చనిపోయినవారి ఆస్తిని నిర్వహించే అధికారం ఇచ్చే కోర్టు ఉత్తర్వు) కోసం జిల్లా కోర్టుకు వెళ్తున్నాం. నేను ప్రమాణం చేయాలట. విదేశంలో ఉన్న అక్క తనకు వాటా వద్దని ఫోనులో చెప్పింది కాబట్టి పిటిషన్‌లో ఆమె పేరు అక్కర్లేదని తమ్ముడు అంటున్నాడు. ఈ ప్రమాణం చేస్తే నాన్న అప్పులు నా మెడకు చుట్టుకుంటాయా?

జవాబు: మీరు అప్పుల గురించి భయపడుతున్నారు. నన్ను కలవరపెట్టింది మాత్రం వారసుల జాబితా. నాయనమ్మ మీ దగ్గరే ఉంటున్నారని రాసి కూడా ఆమెను వారసుల్లో చేర్చలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా చనిపోయిన వ్యక్తి తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. మీ అమ్మగారు, మీ ముగ్గురు తోబుట్టువులు, నాయనమ్మ కలిసి అయిదుగురు. తలా అయిదో వంతు. కొడుకు ఆస్తిలో తల్లికి వాటా ఉంటుందన్న సంగతి చాలా ఇళ్లలో ఎవరికీ తట్టదు. ఆ పెద్దావిడ అడగరు, మిగిలినవారు చెప్పరు.

ఇక ప్రమాణం సంగతి. భారత వారసత్వ చట్టం, 1925లోని 278వ సెక్షన్ ప్రకారం మరణించిన తేదీ, స్థలం, కుటుంబ సభ్యులు, ఇతర బంధువులు, వారి నివాసాలు, మీరు ఏ హక్కుతో అడుగుతున్నారు, మీ చేతికి రాగల ఆస్తి విలువ ఎంత అన్నవి పిటిషన్‌లో ఉండాలి. అందులో రాసినదంతా మీకు తెలిసినంతవరకు, మీరు నమ్మినంతవరకు నిజమని మీరు ధ్రువీకరించాలి. దేవుడి పేరుతో ప్రమాణం చేయడం ఇష్టం లేనివారు మనస్సాక్షిగా చెప్పవచ్చు. 1969 నాటి ప్రమాణాల చట్టం రెండింటికీ ఒకే విలువ ఇస్తుంది. అక్క ఉన్నారని తెలిసీ ఆమె పేరు వదిలేస్తే అది తెలిసి చెప్పిన అబద్ధం. భారత వారసత్వ చట్టంలోని 282వ సెక్షన్ దాన్ని తప్పుడు సాక్ష్యంతో సమానంగా చూస్తుంది. శిక్ష ఏడేళ్ల జైలు దాకా ఉండవచ్చు. పైగా, వచ్చిన ఉత్తర్వును కోర్టు రద్దు చేయవచ్చు.

అక్క ఫోనులో వద్దన్నంత మాత్రాన ఆమె హక్కు పోదు. ఇంట్లో వాటా వదులుకోవాలంటే హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయించాలి. మీరు నిర్వాహకులుగా ఉండటానికి అభ్యంతరం లేదని చెప్పడం వేరు, వాటా వదులుకోవడం వేరు. మొదటిదానికి అఫిడవిట్ చాలు. దాన్ని ఆమె అక్కడి భారత కాన్సులేట్‌లో అధికారి ఎదుట ప్రమాణం చేసి పంపవచ్చు.

మీరు కోర్టుకు ఇచ్చే మాట పిటిషన్‌తో అయిపోదు. ఉత్తర్వు ఇచ్చేటప్పుడు, ఆస్తిని సక్రమంగా నిర్వహిస్తామని జామీనుదారులతో బాండు రాసివ్వాలి. ఆరు నెలల్లో ఆస్తులు, రావలసిన బాకీలు, చెల్లించవలసిన అప్పులు అన్నీ చూపే పట్టిక దాఖలు చేయాలి. ఏడాదిలోగా ఏం వచ్చింది, ఎలా ఖర్చయిందన్న లెక్క అప్పగించాలి. గడువు చాలకపోతే ముందే కోర్టును అడగండి, పొడిగించే అధికారం దానికి ఉంది. చాలామంది ఉత్తర్వు చేతికి రాగానే పని ముగిసిందనుకుని ఈ రెండింటినీ మరిచిపోతారు. సరైన కారణం లేకుండా ఎగ్గొట్టడం కూడా ఉత్తర్వు రద్దుకు ఒక కారణమే. ఇంకొకటి: కోర్టు ముందస్తు అనుమతి లేకుండా ఇల్లు అమ్మడం, తాకట్టు పెట్టడం, అయిదేళ్లకు మించి లీజుకివ్వడం కుదరదు.

అప్పుల విషయంలో మీ భయం చాలావరకు తీర్చగలను. నాన్నగారి అప్పులు ఆయన ఆస్తిలోంచే తీరాలి. ఆ ఆస్తి చాలకపోతే మిగిలినది మీరు సొంత సొమ్ములోంచి కట్టనక్కర్లేదు. అయితే మీరే ఏదైనా అప్పుకు హామీ సంతకం చేసి ఉంటే అది వేరు. అలాగే నిర్వాహకుడిగా వచ్చిన సొమ్మును దుర్వినియోగం చేసినా, రాబట్టవలసిన బాకీని అశ్రద్ధతో పోగొట్టినా ఆ నష్టం మీరే భరించాలి. అందుకే అప్పులు తీరకముందే వాటాలు పంచకండి. ఈ సొమ్ముకు విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచి, ప్రతి రశీదూ దాచండి.

ముసాయిదాలో అక్క, నాయనమ్మ పేర్లు, చిరునామాలు చేర్చేదాకా సంతకం పెట్టకండి. నాయనమ్మకు ఆమె వాటా సంగతి మీరే స్వయంగా చెప్పండి. ఇంత బాధ్యత మోయలేనని మీకు అనిపిస్తే మీ అమ్మగారైనా దరఖాస్తు చేసుకోవచ్చు; వారసుల్లో ఎవరికైనా కోర్టు ఈ అధికారం ఇవ్వగలదు.