ఘనపరిమాణం సూత్రాలు బట్టీపడుతున్న పిల్లలకు స్కెచప్ పనికొస్తుందా?

మీ బాబు తొమ్మిదో తరగతి, ఉపరితల వైశాల్యం, ఘనపరిమాణం సూత్రాలు గడగడా అప్పజెబుతాడు గానీ లెక్క ఇస్తే ఏది వాడాలో తెలియడం లేదు, కంప్యూటర్లో త్రీడీ బొమ్మలు గీసే స్కెచప్ నేర్పిస్తే ఉపయోగం ఉంటుందా అని అడిగారు. ఉంటుందండీ. కాకపోతే మీరు బొమ్మ తిప్పి చూపిస్తే సరిపోదు, మౌస్ కదిలించే ముందే ఏమవుతుందో వాడి చేత చెప్పించాలి.

మాది చీమకుర్తి. నేను ఇళ్ల ప్లాన్లు గీస్తాను కాబట్టి స్కెచప్ అలవాటే. మా మేనకోడలికీ ఇదే ఇబ్బంది. మా దగ్గర క్వారీలో తీసిన గ్రానైట్ బ్లాకును ఘనపు మీటర్లలో లెక్కేస్తారు, కోసి పాలిష్ పట్టిన స్లాబును చదరపు అడుగుల్లో అమ్ముతారు. రోజూ లారీల మీద ఆ బ్లాకులు చూసే పిల్లే, పుస్తకంలో దీర్ఘఘనం అనగానే టెన్షన్ పడేది.

అందుకని 3 మీటర్ల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తున్న బ్లాకును తన చేతే గీయించి, పొడవులో సగానికి రెండు గ్రూపులు (విడివిడిగా జరపగలిగే ముక్కలు) చేసి అతికించి పెట్టాను. నేల మీద దీర్ఘచతురస్రం గీసి, ముఖాన్ని లాగే పనిముట్టు పుష్/పుల్‌తో పైకి లాగింది తనే, వైశాల్యాన్ని ఎత్తుతో ఎందుకు గుణిస్తామో అక్కడే సగం తెలిసిపోయింది. బయటి ముఖాలన్నీ కూడితే 32 చదరపు మీటర్లు, ఘనపరిమాణం 12 ఘనపు మీటర్లు. ఇప్పుడు సగాలను విడదీస్తే ఏది మారుతుంది అని అడిగాను. రాయి అదే కదా, ఏదీ మారదంది. విడదీసి ఒక్కో ముఖం వైశాల్యం కాగితం మీద రాసుకుంటూ కూడితే 40 వచ్చింది, ఘనపరిమాణం మాత్రం 12 దగ్గరే ఉంది. బొమ్మ చుట్టూ తిప్పి చూసి, కోత దగ్గర కొత్తగా బయటపడిన రెండు ముఖాలు ఒక్కోటి 4 అని తనే పట్టుకుంది. "మామా, పాలిష్ పట్టాల్సింది పెరిగింది, రాయి పెరగలా" అంది. (నిజం కోతలో కొంత రాయి పొడైపోతుంది, అది వేరే సంగతి.)

ఇంకో పని చేయించండి. గ్రూపులోకి వెళ్లి ఒక ముఖాన్ని తీసేయమనండి. ఎంచుకున్న వస్తువు వివరాలు చూపే ఎంటిటీ ఇన్ఫోలో ఘనపరిమాణం కనబడకుండా పోతుంది, అన్ని వైపులా మూసి ఉంటేనే స్కెచప్ దాన్ని ఘన వస్తువుగా (సాలిడ్) లెక్కేస్తుంది. మూత లేని తొట్టికి రంగు వేసే లెక్కలో ఆరు ముఖాలూ కూడేసే పిల్లకాయలకు ఇది బాగా ఎక్కుతుంది, ఏ ముఖం లేదో కళ్లెదుటే ఉంటుంది కాబట్టి.

మొదలుపెట్టేటప్పుడే మీటర్ల టెంప్లేట్ ఎంచుకోండి, కెమెరా మెనూలో పారలల్ ప్రొజెక్షన్ పెట్టండి, లేకపోతే సమాంతర రేఖలు దూరానికి దగ్గరైనట్టు కనబడి పిల్లవాడు తికమకపడతాడు. త్రిభుజాలు, వృత్తాలకైతే స్కెచప్ కంటే జ్యామితి బొమ్మలు గీసే జియోజీబ్రా మేలు, శీర్షం పట్టుకుని లాగుతుంటే కోణాలు మారుతూ మొత్తం మాత్రం 180 దగ్గరే ఉండటం వాడే చూస్తాడు. మొదటి రోజుకు మాత్రం ఆ ఒక్క బ్లాకు చాలు.