వాడుతున్న కొద్దీ బటన్లు చోటు మారాలా?

ప్రశ్న: మా ఊరి పాలకేంద్రం కోసం యాప్ చేస్తున్నాను. ఎన్ని లీటర్లు పోశారు, ఫ్యాట్ ఎంత, డబ్బెంత రావాలి, ఇవే అందులో ఉంటాయి. పాలు పోసేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. మా తాతయ్యకిస్తే "ఎక్కడ నొక్కాల్రా బాబూ" అని మళ్లీ నా చేతిలోనే పెట్టేస్తున్నారు. ఎక్కువ నొక్కే బటన్ దానంతటదే పైకి వచ్చేలా పెడితే బాగుంటుందా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: బటన్ చోటు మాత్రం మార్చకు తమ్ముడూ. చాలామంది పెద్దవాళ్లు పేరు చదివి నొక్కరు, కింద కుడిపక్కది అని గుర్తుపెట్టుకుని నొక్కుతారు, రేపు అది పైకి పోతే ఫోనే పాడైందనుకుంటారు. మైక్రోసాఫ్ట్ అంతటిదే ఆఫీస్ 2000లో తక్కువ వాడే మెనూలను దాచేసే పద్ధతి పెట్టింది, 2007లో వర్డ్, ఎక్సెల్‌లకి రిబ్బన్ (పైన కనిపించే బటన్ల పట్టీ) వచ్చేసరికి ఆ మెనూలే పోయాయి.

మారాల్సింది అక్షరం సైజు. దానికోసం విడిగా 'పెద్దల మోడ్' పెట్టకు, నేను ముసలాణ్ణి అని ఒప్పుకుని ఎవరు ఆన్ చేస్తారు చెప్పు! ఫోన్ సెట్టింగ్స్‌లో ఎంత పెంచుకుంటే నీ యాప్‌లోనూ అంత పెరిగితే చాలు. ఆండ్రాయిడ్ 14లో అది 200 శాతం దాకా వెళ్తుంది, అక్కడ పెట్టి చూసుకో. ఇంగ్లీషు అక్షరాల కొలతకి గళ్లు గీసి ఉంటే లక్ష్మి అన్న పేరు కింద వత్తులు తెగిపోయి కనిపిస్తాయి, కాబట్టి గడి ఎత్తు కూడా అక్షరంతోపాటు పెరగాలి. తెల్లటి స్క్రీన్ మీద లేత బూడిద రంగు రాతలు తీసెయ్, మామూలు అక్షరానికీ వెనకున్న రంగుకీ కనీసం 4.5:1 తేడా (కాంట్రాస్ట్) ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి.

ఇక వేళ్లు. పొడిబారి, కాయలు కాసిన వేలిని టచ్ ఒక్కోసారి పట్టించుకోదు, అందుకని గట్టిగా అదిమి పట్టుకుంటారు, వెంటనే యాప్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుని ఇంకేదో తెరుస్తుంది. కాబట్టి లాంగ్ ప్రెస్‌లో, స్వైప్‌లో ఏ పనీ దాచకు. బటన్ కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ మీద సైజుకి వాడే కొలత), అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలి. ఓటీపీకి ముప్పై సెకన్లే ఇస్తే కళ్లద్దాలు వెతుక్కునేలోపే అయిపోతుంది. గడువు పెంచు, మెసేజ్‌లోంచి అంకెలు వాటంతటవే పడేలా చెయ్యి.

యాప్ గమనించి మారాలన్న నీ ఆలోచనని పూర్తిగా వదులుకోనక్కర్లేదు. ఒకరు అదే బటన్‌ని పదేపదే తప్పుతుంటే "అక్షరాలు పెద్దవి చెయ్యమంటారా?" అని అడుగు. వద్దంటే గుర్తుపెట్టుకుని ఊరుకో, రోజూ అడిగి విసిగించకు.

పాలకేంద్రంలో రద్దీ తగ్గాక ఎవరికైనా ఫోనిచ్చి "పోయిన వారం డబ్బెంతొచ్చిందో చూడండి" అని, నోరు మెదపకుండా వేలు ఎటు పోతోందో చూడు. మీ తాతయ్యతో వద్దు, నువ్వు పక్కనుంటే ఆయనకి నొక్కాల్సిన అవసరమేముంది?