రెండు బ్లాకులు చాలు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

డౌన్‌టౌన్‌కి, అంటే మీ నగర నడిబొడ్డుకి, మళ్లీ కళ తెచ్చే పని నీ చేతికి వచ్చిందని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన ఖాళీ దుకాణాల పట్టిక మొత్తం చదివాను. ఒళ్లు వంచి చేసిన పని అని తెలుస్తూనే ఉంది. కానీ చదువుతున్నంతసేపూ ఒకటే దిగులు. వీటన్నిటినీ నింపాలని బయలుదేరతావేమోనని. ఆ పని మాత్రం చెయ్యకు.

పరుచుకుపోయిన నగరంలో డౌన్‌టౌన్ కూడా పలచగానే ఉంటుంది. ఇక్కడ నాలుగు కొట్లు, పక్కన పార్కింగ్ స్థలం, తర్వాత దాటాలంటే భయమేసే రోడ్డు, అవతల ఇంకో రెండు కొట్లు. వచ్చినవాళ్లు పని చూసుకుని మళ్లీ కారెక్కేస్తారు. కష్టపడి ఇరవై కొత్త దుకాణాలు తెచ్చి ఇరవై వీధుల్లో చల్లితే ఏ వీధిలోనూ సందడి కనిపించదు. ఆ ఇరవయ్యీ ఒకేచోట ఎదురెదురుగా పడాలి. డెన్మార్క్ వాస్తుశిల్పి యాన్ గేల్ చెప్పిన కొలత నేను ఎప్పుడూ దగ్గర పెట్టుకుంటాను: కళగా ఉండే వీధిలో 100 మీటర్లకు 15 నుంచి 20 తలుపులు. అంటే మామూలుగా నడిచే మనిషికి నాలుగైదు సెకన్లకొకసారి చూడడానికి కొత్తది ఏదో ఒకటి ఎదురవుతుంది. అందుకే రెండు బ్లాకులు ఎంచుకో, అంటే ఒక అడ్డరోడ్డు నుంచి ఇంకో అడ్డరోడ్డు దాకా ఉండే వీధి ముక్కలు రెండు. మిగతావాటి గురించి అడిగినవాళ్లకు ఓపికగా జవాబు చెప్పు, అంతే.

ఇక యజమానులు. ఏళ్ల తరబడి తాళం వేసి ఉంచేబదులు తక్కువ అద్దెకైనా ఇవ్వొచ్చు కదా అని నీకు కోపం వస్తుంది. నాకూ వచ్చేది. ఒకాయన ముఖం మీదే అనేసి, ఆయన తలుపు ఏడాదిపాటు మూసుకుపోయేలా చేసుకున్నాను. తర్వాత తెలిసింది అసలు సంగతి. భవనం విలువను వచ్చే అద్దెను బట్టి కడతారు, ఆ విలువను చూసి బ్యాంకు అప్పిస్తుంది. తక్కువ అద్దెకు అయిదేళ్ల ఒప్పందం రాస్తే ఆ విలువ కాగితం మీదే పడిపోతుంది. ఖాళీగా ఉంటే, రేపు మంచి అద్దె వస్తుందని చెప్పుకోవచ్చు. కాబట్టి అద్దె తగ్గించమని అడక్కు, కొద్దిరోజులు వాడుకోనివ్వమని అడుగు. ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో 2008లో అలాగే మొదలుపెట్టారు. లీజు లేదు, నెలనెలా పొడిగించే అనుమతి మాత్రమే. అసలైన అద్దెదారు దొరికితే యజమానికి స్థలం తిరిగి ఇచ్చేయాలి. ఆ భరోసా మీదే చేతిపనుల వాళ్లకీ, కళాకారులకీ మూతపడ్డ షట్టర్లు తెరుచుకున్నాయి. నువ్వు బీమా, శుభ్రం, కరెంటు సంగతి ముందే తేల్చి ఒక పేజీ ఒప్పందం చేతిలో పట్టుకుని వెళ్లు. యజమానికి నీ ఆశయం కన్నా తాళంచెవి ఎప్పుడు వెనక్కి వస్తుందన్నదే ముఖ్యం.

ఇంకో మాట. ఆఫీసుల వాళ్ల మధ్యాహ్న భోజనం ఒక్కదాన్నే నమ్ముకోకు. అమెరికాలోని హ్యూస్టన్ డౌన్‌టౌన్ కింద దాదాపు 10 కిలోమీటర్ల సొరంగ మార్గాలున్నాయి. ఎండ తగలకుండా హాయిగా నడవొచ్చు, నిజమే. కానీ పైన వీధిలో తిరగాల్సిన ఆఫీసుల జనాన్ని అవే మింగేశాయి. లాస్ ఏంజెలెస్ మరో దారి పట్టింది. 1999లో నిబంధనలు సడలించి, పాత ఆఫీసు భవనాలను ఇళ్లుగా మార్చుకోనిచ్చింది. సాయంత్రం వీధిలో కాపురముండే మనుషులు కనబడితేనే కదా రాత్రిదాకా కొట్టు తెరిచి ఉంచాలన్న ధైర్యం ఎవరికైనా వచ్చేది. నీ రెండు బ్లాకులకు నడిచి వచ్చేంత దూరంలో ఎన్ని ఇళ్లున్నాయో చూడు. లేకపోతే దుకాణాల కన్నా ముందు వాటి కోసం పోరాడు, అమ్మా.

వచ్చే వారం మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి నడిచి రా. తెరిచి ఉన్న తలుపులు లెక్కపెట్టు. తలుపూ కిటికీ లేని పొడవాటి గోడలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకో. ఆ రెండు లెక్కలూ నాకు రాసి పంపు. ఏ రెండు బ్లాకులన్నది అప్పుడు తేల్చుకుందాం.

నీ మేలు కోరే
పెద్దనాన్న